నీళ్లు లేచిపోయిన జాగ

పోలేపల్లి. రాత్రి షిఫ్టు.
అర్రంత ఉక్కు పెట్టె, లోపల పదకొండు అరలు,
అర నిండ సీసాలు,
సీసాకొక చెంచెడు మందు.
సున్నకు కింద నలభై అయిదు.
మా పాలమూరుల మంచు అంటే
సోడాబండి మీద పొట్టుల చుట్టిన గడ్డనే ఎరుక నాకు.

నస్రీన్ మేడం చెప్పింది, నేను చేరిన కొత్తల,
చాయి గ్లాసు చల్లారబెట్టుకుంట:
"ప్రొటీనంటే మడతలు పెట్టిన దారం, కుర్మయ్యా.
మడత ఉన్నంతసేపే అది మందు.
ఆ మడతను ఆపేది చుట్టున్న నీళ్లు.
నీళ్లు తీసేస్తే తన మీద తనే పడతది,
పక్కదాన్ని పట్టుకొని ముద్దయితది."
మరి ఎండబెట్టుడెందుకు మేడం, అన్న.
"తడిగ ఉంచితే ఎన్ని దినాలు?
అమ్రాబాద్ దవాఖానల ఫ్రిజ్జుకు కరెంటు ఎన్ని గంటలు?"

అందుకే చక్కెర.
ఇదే, చాయిలదే, బాగ శుద్ధి చేసింది.
లేకుంటే ట్రెహలోజని ఇంకొకటుంది,
పేరు నోరు తిరగనీకె నెల పట్టింది నాకు.
నీళ్లు లేచిపోతుంటే
ఆ జాగల చక్కెర కూసుంటది,
నీళ్లు పట్టుకున్న కాడనే పట్టుకుంటది,
కిటికీలకెళ్లి దస్తీ ఏసి
కల్వకుర్తి బస్సుల సీటు ఆపినట్టు.
ఇగ గాజు లెక్క బిగుస్తది. దారం కదలదు.

అన్ని తీపులు పనికిరావు.
గ్లూకోజు కలిపి చూసిండ్రంట ఒకపారి ల్యాబుల.
నెల తిరిగేసరికి పొడి
మాడిన పాకం రంగుకొచ్చింది.
పట్టుకున్నట్టే పట్టుకొని కొరికే తీపి అది.

మంచు నీళ్లు కాకుండనే గాలైపోతదని
ఇంట్ల చెప్తే మా అక్క మణెమ్మ నవ్వింది.
ముప్పై ఏండ్లు మిరపకాయలు ఎండబోసిన చేతులు.
"నడుమ తడి లేకుంట ఎట్ల ఆరుతదిరా?"
నాక్కూడ సగమే సమజైతది, చెప్పలే.

మొన్న భాద్రపదంల, మూడు దాటినంక,
పంపు దమ్ము తప్పింది.
ఏడు నిమిషాలు.
తెర మీద గీత లేచింది, నేను లేచిన,
గీత దిగింది, నేను కూసోలే.
రెండు దినాలకు తలుపు తీస్తే
వాకిలి పక్క వరుసల
తెల్లటి బిళ్ల ఉండాల్సిన కాడ
కరిగి గడ్డకట్టిన మైనం.
మేడం ఏమనలే. "రాయి" అన్నది.
రాసిన. సమయం, ఒత్తిడి, సీసాల లెక్క.
నాలుగు వందల పన్నెండు.
చక్కెర తక్కువ కాలే, రాసిన.
పట్టుకున్న చేతికే వేడి తగిలితే
అది గూడ జారుతది, ఏంజేస్తది?
ఇది రాయలే.

పొద్దున బాలనగర్ కాడ ఆటో దిగిన.
రోడ్డు పొంటి సీతాఫలం గంపలు.
ఈదమ్మ కాయను చేతుల తిప్పి చూస్తుంది,
"కండ్లు తెరవలే, రేపటికి తెరుస్తది" అంటది.
వెనుక గుట్టలు, బండలు, చారెడు మన్ను.
ఎవరు పోసిండ్రు దీనికి నీళ్లు?
ఆరు కాయలు తీసుకున్న. బేరం చెయ్యలే.

మల్ల రాత్రి షిఫ్టు.
నిలబడ్డ అరలకెళ్లి ఒక సీసా తీసి
గోడ వెంబడి నీళ్లు వదిలింది మేడం.
ఊపొద్దు. ఊపితే నురుగు.
చూస్తున్నం.
బిళ్ల అంచులు తడిసినయి, నడుమ కుంగింది,
నలభై లెక్కపెట్టిన మనసుల.
నల్ల అట్ట ముందర పట్టింది, తెల్ల అట్ట ముందర పట్టింది.
ఏం కనపడలే.
కనపడకుంటేనే పాసు.

దస్తీ తీసి
నీళ్లకు జాగిచ్చి
చక్కెర ఎటో పోయి నిలబడ్డది.